ఎద్దును ఇచ్చినట్టు ఇచ్చిన బండి

నాకు ముప్ఫై ఆరేళ్లు. ఈ వయసులో విరమణ అనే మాట వాడితే మా ఆదోనిలో నవ్వుతారు. కానీ పదకొండేళ్లు చేసిన పనిని పోయిన నెలలో వదిలేసి స్పిన్నింగ్ మిల్లులో యంత్రాలు చూసుకునే ఉద్యోగంలో చేరాను. ఆ పని వరకు నేను రిటైరైనవాణ్ణే. నా స్థానంలోకి ఇద్దరు కొత్తవాళ్లు వచ్చారు. వాళ్లు ఫోన్లో అడుగుతున్న ప్రశ్నలకు అక్కడొక ముక్క ఇక్కడొక ముక్క చెప్పలేక ఇది రాస్తున్నాను.

పని ఏమిటంటే: రోడ్డు ప్రమాదంలో గాయపడినవాళ్లు నష్టపరిహారం కోసం ట్రిబ్యునల్లో పిటిషన్ వేస్తారు. గుద్దిన వాహనానికి బీమా ఉంటే డబ్బు కట్టాల్సింది బీమా కంపెనీ. పిటిషన్‌లో ఉన్నది నిజమో కాదో చూసి రమ్మని కంపెనీ మాలాంటివాళ్లను పంపుతుంది. ఆదోని, ఎమ్మిగనూరు, దేవనకొండ, తుగ్గలి, ఒక్కోసారి కర్నూలు దగ్గరి గూడూరు దాకా తిరిగేవాణ్ణి. మెకానికల్ డిప్లొమా చదివాను కాబట్టి మనుషుల కంటే ముందు నాకు వాహనాలు అర్థమయ్యేవి. మనుషులు అర్థం కావడానికి చాలా కాలం పట్టింది.

సంచిలో ఏముండాలి

ఆరు వస్తువులు. కొలత టేపు. టార్చి. బండి అడుగు భాగం చూడడానికి పిడి ఉన్న చిన్న అద్దం. సుద్దముక్క. అయస్కాంతం: సొట్టను లప్పంతో పూడ్చి పైన రంగు కొడితే రేకు ఉన్నట్టే కనిపిస్తుంది, కానీ అయస్కాంతం అంటుకోదు. తెల్లగుడ్డ: దేన్ని తుడిచినా పాత ఆయిలో కొత్త ఆయిలో దాని మీద తేలిపోతుంది.

కెమెరా గురించి చెప్పను. ఫోను అందరి దగ్గరా ఉంది. ఫోటో తీసేశాక మనిషి చూడడం మానేస్తాడు. ముందు చూడండి, తర్వాత తీయండి.

మూడు రకాల అబద్ధాలు

నేను చూసిన అబద్ధాలన్నీ మూడు రకాల్లోకి వస్తాయి.

మొదటిది, గాయమే లేకపోవడం. ఇది సినిమాల్లో ఎక్కువ, రోడ్ల మీద తక్కువ. పదకొండేళ్లలో నాకు రెండే తగిలాయి.

రెండోది, ఉన్న గాయాన్ని పెంచడం. వైకల్యం శాతంలో ఒక అంకె పెరుగుతుంది, మెడకు పట్టీ కోర్టు మెట్ల దగ్గర మొలుస్తుంది. దీంట్లోనే నేను ఘోరంగా తప్పు చేశాను. పత్తి మార్కెట్లో హమాలీ ఒకాయన, కుడి భుజం లేవదని పిటిషన్. నేను మూడు రోజులు మార్కెట్ గేటు దగ్గర నిలబడి, అతను పత్తి నింపిన బోరెం, అంటే పెద్ద గోనె మూట, మోస్తుండగా వీడియో తీశాను. దొంగ దొరికాడనుకుని గర్వంగా కోర్టులో ఇచ్చాను. డాక్టరు ఆ వీడియో చూసి, "మీరు ఏ భుజం మీద చూస్తున్నారు?" అన్నాడు. బోరెం ఎడమ భుజం మీద ఉంది. కుడి చేయి నడుము దగ్గర వేలాడుతోంది. ఆ మనిషి బయట నన్ను ఆపి, "మూడు దినాలు నిలబడితివే సారూ, రెండు నిమిషాలు పట్టి ఎత్తింటే నాకు సాయమన్నా అయ్యుండు" అన్నాడు. పక్కనున్న హమాలీలంతా నవ్వారు. వాళ్లు నవ్విందే నయం.

మూడో రకమే ఎక్కువ. గాయం నిజం, నొప్పి నిజం, ప్రమాదమూ నిజమే. గుద్దిన వాహనం మాత్రం వేరు. మీరు ఎక్కువగా తిరగబోయేది దీని చుట్టూనే.

ఖాదర్ సార్

నా బాస్ పోలీసు శాఖలో ఏఎస్సైగా రిటైరై ఈ ఏజెన్సీ పెట్టినవాడు. ఆయన్ని ఖాదర్ సార్ అంటాను. అసలు పేరు ఇది కాదు. అబద్ధాన్ని వాసన పట్టడంలో ఆయనంతటివాణ్ణి చూడలేదు. సాక్షితో పొలం గురించి, అల్లుడి గురించి, పండగ గురించి మాట్లాడుతూ పోతాడు. ప్రమాదం మాట అసలెత్తడు. లేచేటప్పటికి తేదీలన్నీ ఆయన చేతిలో ఉంటాయి.

"తేదీ అడిగితే తేదీ సెప్తారప్పా, అది వకీలు నేర్పిచ్చింది. పండగ అడుగు. పండగ ఎవురూ నేర్పియ్యరు" అనేవాడు.

ఈ విద్య నేర్పినందుకు ఆయనకు రుణపడి ఉన్నాను. కానీ ఇంకొక మాట కూడా చెప్పేవాడు: "అబద్ధం దొరికిందా, మన పని ఐపోయింది. నిజం ఎతకడం మన పని గాదు." పన్నెండు కేసుల్లో ఈ మాట నాకు హాయిగా అనిపించింది. పదమూడోది ఈరన్న కేసు.

కాలు

ఈరన్న ఎమ్మిగనూరులో గుంత మగ్గం నేసే మనిషి. వయసు నలభై పైన. ఆదోని రోడ్డు పక్కన నడుస్తుంటే వెనక నుంచి మోటారు సైకిల్ గుద్దిందని, ఎడమ కాలు మోకాలి కింద రెండు చోట్ల విరిగిందని పిటిషన్. కర్నూలు ఆసుపత్రిలో లోపల రాడ్డు వేశారు. ఎక్స్‌రేలో అంతా స్పష్టంగా ఉంది.

ఫైల్లో నాకు రెండు విషయాలు కనిపించాయి. ఆసుపత్రిలో చేర్చిన రోజు కాగితంలో "గుర్తు తెలియని వాహనం" అని ఉంది. పోలీసు ఫిర్యాదు పంతొమ్మిది రోజుల తర్వాత ఇచ్చారు. అందులో బండి నంబరు, యజమాని పేరు, ఊరు అన్నీ ఉన్నాయి. ఆ యజమాని రంగస్వామి, దేవనకొండ వైపు ఒక పల్లె రైతు. గుద్దింది నేనేనని ఒప్పుకుని క్రిమినల్ కోర్టులో జరిమానా కూడా కట్టేశాడు.

ఈరన్న ఇంటికి వెళ్లాను. మగ్గం ఖాళీగా ఉంది, గుంత మీద చాప కప్పి ఉంది. రాసుకున్న ప్రశ్నలు వరసగా అడిగాను.

"బండి ఏ రంగు?"

"నల్లది సార్. ఎర్ర గీత ఉండాది."

"ఏ వైపు నుంచి వచ్చింది?"

"ఎనక నుంచి."

"నడిపేవాడు ఆగాడా?"

"ఆగినాడు సార్. మళ్ల పోయినాడు."

అన్నీ పాఠం అప్పజెప్పినట్టు వచ్చాయి. అతని భార్య నరసమ్మ టీ తెచ్చి పెట్టి, "కాలు సూడు సార్. వచ్చినోళ్లంతా కాగితాలే సూసి పోతాండారు" అంది.

చూశాను. ప్రశ్నల పని అయిపోయాక మగ్గం మీద ఆసక్తి ఆగలేదు. గుంతలో కాళ్లతో తొక్కే చెక్కలు ఎన్ని, ఏ కాలు ఎప్పుడు తొక్కాలి, దారాలు ఎలా విడిపోతాయి అని అడిగాను. ఈరన్న ముఖంలో అప్పుడు వెలుగు వచ్చింది. చాప తీయించి, కూర్చున్న చోటి నుంచే చేతులతో చూపించాడు. ఒక చెక్క తొక్కితే సగం దారాలు పైకి, రెండో చెక్క తొక్కితే మిగతా సగం.

"ఒక కాలితో రెండూ తొక్కలేమా?" అన్నాను.

"ఒక కాలితో నువ్వు కర్నూలు దాకా నడిసి పోతావా సార్?" అన్నాడు. ముగ్గురం నవ్వాం.

బండి

రంగస్వామి ఇంటి ముందు వేపచెట్టు కింద బండి ఉంది. ముందు కాళ్ల రక్షణ కోసం ఉండే ఇనుప కమ్మీ వంగి ఉంది. ఫిర్యాదులో ఇదే ప్రమాదంలో వంగిందని ఉంది. టార్చి వేసి చూస్తే వంపు లోపల తుప్పు పొరలు పొరలుగా ఉంది. కొన్ని నెలల్లో పట్టే తుప్పు కాదు. కమ్మీ ఎత్తును ఎముక విరిగిన ఎత్తుతో పోల్చాను. జానెడు తేడా. బ్రేకు వేస్తే బండి ముందుకు వంగుతుంది కాబట్టి ఆ జానెడు ఒక్కటే రుజువు కాదు. ఇలాంటి చోట తొందరపడకండి.

తర్వాత ఇంజను మీద తెల్లగుడ్డ ఆడించాను. బండి అంతా మట్టి, ఇంజను మాత్రం కడిగినట్టుంది. రెండు భాగాలు కలిసే చోట ప్యాకింగ్ కొత్తది. నాకు నిజంగానే మెచ్చుకోవాలనిపించింది. "పని బాగా చేశాడే. ఎవరు మెకానిక్?" అన్నాను.

రంగస్వామి పొంగిపోయాడు. "ఎమ్మిగనూరులో బస్టాండు ఎనక సార్. ఇంజను బోరు చేయించినా. శానా దినాలు పెట్టుకున్యాడు గానీ, పని మటుకు పనే."

"ఎప్పుడు చేయించావు?"

"పీర్ల పండగప్పుడు సార్. ఊర్లో గుండం తవ్వుతాంటే నాకు బండి ల్యాకపాయె, పండగ సామాన్లకు నడిసే పోతి."

ఫిర్యాదు ప్రకారం ప్రమాదం జరిగింది పండగకు రెండు రోజుల ముందు.

మెకానిక్ ఒక బడి నోటుపుస్తకంలో బండి నంబరు, విప్పిన తేదీ, మార్చిన సామాన్లు రాసుకుంటాడు. ప్రమాదానికి అయిదు రోజుల ముందు విప్పాడు, నాలుగు రోజుల తర్వాత బిగించాడు. గుద్దిందని చెప్పిన రోజున ఆ ఇంజను ముక్కలుగా బల్ల మీద ఉంది.

మళ్లీ రంగస్వామి దగ్గరికి వెళ్లి ఆ పేజీ ఫోటో చూపించాను. అతను భయపడలేదు. దానికే నేను ఆశ్చర్యపోయాను.

"అవు సార్, ఆ బండి గాదు" అన్నాడు.

"మరి పోలీసుల ముందు నేనే గుద్దానని ఎందుకు చెప్పావు?"

"మావోడు ఒగడు అడిగినాడు. ముందటేడు విత్తనం ఏసే ముందర నా ఎద్దు సచ్చిపాయ. వాళ్ల నాయన ఎద్దును ఇడిసి పెట్టినాడు, నా సేను తడి ఆరకముందే విత్తుకుంటి. ఇప్పుడు వాడొచ్చి నీ బండి నంబరు ఇయ్యి, నీకు లైసెన్సు ఉండాది, ఇన్సూరెన్సు ఉండాది అన్యాడు. ఇయ్యకుంటే యెట్ల? బండి తోలకపాయ, పెట్రోలు పోయకపాయ. నంబరే గదా."

"నువ్వు చేయని నేరం ఒప్పుకున్నావు రంగస్వామీ."

"ఎద్దును ఇచ్చినోడు నా సేన్లో దున్నింది తన ఎద్దు అని సెప్పుకున్యాడా సార్? ల్యా గదా. ఇదీ అంతే."

మా పల్లెల్లో రెండెద్దుల జత లేనివాళ్లు ఒకరి ఎద్దును ఒకరికి ఇచ్చుకుంటారు. నోటితో అడగడం, తోలుకుపోవడం, అంతే. అతని మనసులో బండి నంబరు కూడా ఆ వరసలోనే చేరింది. ఇందులో మోసం ఉందని అతనికి నిజంగా తట్టలేదు. అడిగింది ఎవరన్నాను. పేరు చెప్పనన్నాడు. నేను గట్టిగా అడగలేదు. నాకు కావాల్సింది దొరికింది.

నాలుగు పేజీల రిపోర్టు రాశాను. ఖాదర్ సార్ చదివి, "శభాష్. అచ్చు గుద్దినట్టుంది. ఇంగ వాళ్లకు యాడా సందు ల్యా" అన్నాడు.

కోర్టు వరండా

ఆదోని కోర్టులో సాక్ష్యం చెప్పాను. మెకానిక్ నోటుపుస్తకం ప్రతిని జడ్జిగారు రెండుసార్లు తిరగేశారు. తర్వాతి వాయిదాకు ఈరన్నను మళ్లీ బోనెక్కించాలని చెప్పారు.

బయట జిరాక్సు అంగడి దగ్గర నరసమ్మ నన్ను ఆపింది. ఈరన్న దూరంగా బెంచీ మీద, ఊతకర్ర పక్కన పెట్టుకుని కూర్చున్నాడు.

"ఏం సార్, మా ఇంట్లో టీ తాగి పోయి ఈడ ఇట్ల సెప్తివి" అంది.

"ఆ బండి కాదు కదమ్మా."

"గాదు. నేనేమన్నా అవునంటినా? కాలు ఇరగ్గొట్టింది మా తమ్ముని ఆటో. మద్దిలేటి. మా ఇంటాయనకు వాడు బామ్మర్ది. లైసెన్సు ల్యాకుండా తోలినాడు. లైసెన్సు ల్యాకుంటే ఇన్సూరెన్సు రాదు, నువ్వు జైలుకు పోతావు అని కోర్టుకాడ తిరిగే ఒగాయప్ప సెప్పినాడు. ఈ నంబరు ఉపాయం గూడా ఆయప్పదే. రంగస్వామిని పోయి అడిగింది మా తమ్ముడు."

"ఆటోకు ఇన్సూరెన్సు ఉందా?"

"ఉండాది. కడతానే ఉండాడు."

ఇక్కడ నేను చట్టం ఒక్క ముక్క చెప్పాలి. డ్రైవరుకు లైసెన్సు లేకపోతే తప్పు వాహనం వాళ్లది. రోడ్డు పక్కన నడిచేవాడిది కాదు. అందుకే చాలా కేసుల్లో ట్రిబ్యునల్ బీమా కంపెనీని ముందు గాయపడినవాడికి కట్టమంటుంది, తర్వాత ఆ సొమ్మును వాహనం యజమాని దగ్గర వసూలు చేసుకోమంటుంది. అంటే ఈరన్న మొదటి రోజు నిజం చెప్పి ఉంటే పరిహారం వచ్చే దారి ఉంది. ఏ భయంతో అబద్ధం చెప్పారో ఆ భయమే సగం తప్పు. ఆ అబద్ధాన్ని నేను ముక్కలు చేశాను. ఇప్పుడు పిటిషన్ పోతే విరిగిన కాలికి ఏమీ రాదు.

ఖాదర్ సార్ జీపు దగ్గర నుంచి చూస్తున్నాడు. నేను కంపెనీ సాక్షిని. అవతలి పక్షంతో మాట్లాడకూడదు. అయినా ఆమెకు పైన రాసిన చట్టం ముక్క చెప్పేశాను. ఇంకో ముక్క కూడా: "తీర్పు వచ్చేలోపు ఆయన తనంతట తాను నిజం చెప్తే ఒక రకం. కోర్టువాళ్లే తేల్చాక ఇంకో రకం. మీ వకీలునే అడగండి, నా మాట నమ్మొద్దు."

ఆయన జీపులోనే తిరిగి బయల్దేరాం. ఆదోని కోట గుట్ట దాటాక సార్, "నువ్వు ఎవరి సాక్షివి?" అన్నాడు.

"జరిగినదానికి సార్."

"జీతం అది ఇస్తాదా?" అన్నాడు. ఆ తర్వాత నెల రోజులు నాకు కొత్త ఫైలు ఇవ్వలేదు. ఆయన కోపంలో న్యాయం ఉందనే ఇప్పటికీ అనుకుంటాను. నేను చేసింది మీరూ చేయండని రాయలేను. చేశానని మాత్రం రాస్తున్నాను.

బోనులో

తర్వాతి వాయిదాకు నాకు పని లేదు. ఏం జరుగుతుందో తెలుసుకోవాలని వెళ్లి వెనక బెంచీలో కూర్చున్నాను. మద్దిలేటి తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. పాతికేళ్ల మనిషి, కళ్లు అక్క మీదే ఉన్నాయి.

జడ్జిగారు అడిగారు: "ఈ బండి మిమ్మల్ని గుద్దిందా? అసలు ఏం జరిగింది?"

వాళ్ల వకీలు లేవబోయాడు. ఈరన్న ఊతకర్రను బోను కమ్మీకి ఆనించి నిలబడ్డాడు.

"ల్యా మేడమ్. ఆటో గుద్దింది. మా బామ్మర్దిది."

"ప్రమాణం చేసి అబద్ధం ఎందుకు చెప్పారు?"

"నాకు పిల్లనిచ్చిన ఇల్లు మేడమ్ అది. బామ్మర్దిని జైలుకు పంపిచ్చి, ఇంటికి పోయి వాళ్లక్క పెట్టే అన్నం యెట్ల తినేది?"

"మరి ఇప్పుడు?"

ఈరన్న తన ఎడమ కాలి వైపు చూసుకున్నాడు. తర్వాత, "తినే కూడు నేసి తినాల గదా మేడమ్. కాలు ల్యా" అన్నాడు.

వెనక్కి చూశాను. తలుపు దగ్గర మద్దిలేటి లేడు.

ఎవరికి ఏమైంది

కొత్తవాళ్లు చట్టం పుస్తకంలో చూసుకోవచ్చు. కానీ పుస్తకంలో ఇది మనుషుల పేర్లతో ఉండదు కాబట్టి రాస్తున్నాను.

పిటిషన్ కొట్టేశారు. తప్పుడు వాహనం మీద వేసింది కాబట్టి కాలు ఎంత నిజమైనా ఆ పిటిషన్ నిలబడదు.

ఈరన్నకు, తప్పుడు సాక్ష్యం మీద చర్య ఎందుకు తీసుకోకూడదో చెప్పమని నోటీసు వచ్చింది. తీర్పుకు ముందే తనంతట తాను ఒప్పుకున్నాడని రాసి, గట్టిగా మందలించి వదిలేశారు. ఒప్పుకోకుండా ఉంటే వదిలేవారు కాదని నా నమ్మకం.

మద్దిలేటి మీద పోలీసులు మళ్లీ దర్యాప్తు చేసి కేసు పెట్టారు. ఈరన్న ఆటో మీద కొత్త పిటిషన్ వేశాడు. ఆలస్యం ఎందుకైందని ఆటోకు బీమా ఇచ్చిన కంపెనీ గట్టిగా పోరాడింది. చివరికి ముందు కంపెనీ కట్టాలి, తర్వాత యజమాని దగ్గర రాబట్టుకోవాలి అని వచ్చింది. ఆ రాబట్టుకోవడంలో ఆటో పోయింది. అక్కాతమ్ముళ్ల మధ్య ఇప్పటికీ మాటల్లేవు.

నంబరు ఉపాయం చెప్పిన మనిషికి ఏమీ కాలేదు. అతని పేరు ఏ కాగితం మీదా లేదు. ఇప్పటికీ కోర్టు దగ్గర టీ తాగుతూ కనిపిస్తాడు.

అందరికంటే ఎక్కువ దెబ్బ తిన్నది రంగస్వామి. చేయని నేరం ఒప్పుకుని, నేను వెళ్లకముందే దాన్నే ట్రిబ్యునల్లో ప్రమాణం చేసి చెప్పాడు కాబట్టి తప్పుడు సాక్ష్యం కేసు అతని మీద నిలబడింది. దేవనకొండ వైపు నుంచి ఆదోనికి వాయిదాలు. ఒక ఏడు తొలి వాన పడిన మరునాడే వాయిదా. కోర్టు మెట్ల దగ్గర కనిపించి, "ఈపొద్దు విత్తనం పడాల సార్. రేపటికి తడి ఉండదు" అన్నాడు. నా మీద కోపం లేదు. ఎద్దు అడిగితే ఇచ్చే మనిషికి ఎవరి మీదా కోపం ఉండదేమో. ఆ కేసు ఇంకా నడుస్తోంది.

పని వదిలేసే ముందు

పోయిన నెలలో, చివరి ఫైలు ఇచ్చేసి ఎమ్మిగనూరు వెళ్లాను. మగ్గం ఆడుతున్న శబ్దం వీధిలోకే వినిపించింది. గుంతలో నరసమ్మ కూర్చుని నేస్తోంది. ఈరన్న గోడకు ఆనుకుని, కాలు చాపుకుని, రాట్నం మీద దారపు కండెలు చుడుతున్నాడు.

"రా సార్. కూర్చో. ఈసారి ఏ కాగితం తెచ్చినావు?" అన్నాడు.

"ఏమీ లేదు. పని వదిలేశాను."

"నిన్ను గూడా ఎవురన్నా పట్టుకున్యారా?" అంది నరసమ్మ మగ్గం ఆపకుండా.

టీ తాగాక, ఇన్నేళ్లుగా అడగాలనుకున్నది అడిగాను. నేను మొదటిసారి వచ్చినప్పుడే నిజం చెప్పి ఉంటే ఇంత జరిగేది కాదు కదా, ఎందుకు చెప్పలేదని.

ఈరన్న రాట్నం ఆపాడు. నిజంగానే ఆలోచించాడు.

"ఆ పొద్దు నాకూ సెప్పాలనే ఉండె సార్. నువ్వు మగ్గం గురించి అడిగితే అన్నీ నిజాలే సెప్తి గదా. ఈ మనిషి అడిగితే సెప్పేద్దాం అనుకుంటి. నువ్వు ఆ బండి రంగు అడిగితివి, ఆ బండి ఏ పక్క నుంచి వచ్చిందని అడిగితివి. అంతా ఆ బండి గురించే. అసలు ఏం జరిగిందప్పా అని మటుకు అడగల్యా. పోలీసులు అడగల్యా, వకీలు అడగల్యా. కోర్టులో మేడమ్ అడిగె, సెప్తి."

ఆ రోజు నేను అతని ఎదురుగా గంటన్నర కూర్చున్నాను.